జంట డిస్కుల దేవదాస్

చెన్నూరులో దేవదాస్‌కు రెండు పేర్లు. ఒకటి కన్నవాళ్లు పెట్టింది, రెండోది ఊరు పెట్టింది. జంట డిస్కుల దేవదాస్. మొదటి పేరుతో పిలిస్తే పలికేవాడు. రెండో పేరుతో పిలిస్తే కూర్చోబెట్టి చాయ తాగించి మరీ పంపేవాడు.

ఆ పేరు వెనక పెద్ద కథేమీ లేదు, ఒక అలవాటు ఉంది. ఎవరి పెళ్లి తీసినా ఆ ఫోటోలూ వీడియోలూ రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించేవాడు. ఒకదాని మీద పెళ్లికూతురి పేరు, ఇంకోదాని మీద పెళ్లికొడుకు పేరు రాసి, రెంటినీ ఎర్ర రిబ్బనుతో కలిపి కట్టి, స్టూడియోలోని ఇనుప బీరువాలో పక్కపక్కనే పడుకోబెట్టేవాడు. ఒకటి చెడిపోతే ఇంకోటి ఉంటుందని మొదలుపెట్టిన పని అది. పోనుపోను దాని చుట్టూ ఒక నమ్మకం అల్లుకుంది. ఆ రెంటినీ వేరు వేరు చోట్ల పెడితే ఆ జంటకు అచ్చిరాదట. దేవదాస్ మెథడిస్టు చర్చిలో పెద్దమనిషి, ముహూర్తాలు చూసుకునేవాళ్లను చూసి మీసాల చాటున నవ్వుకునేవాడు, ఈ ఒక్క విషయంలో మాత్రం ఏ పంతులుకూ తీసిపోడు. కలిసినవాళ్లను విడదీయొద్దని పెళ్లిలో పాస్టరుగారు చెప్పే మాట డిస్కులకు కూడా వర్తిస్తుందని ఆయన లెక్క.

జనానికి అది తెగ నచ్చింది. క్రైస్తవులూ హిందువులూ అని లేకుండా చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆయనకే వచ్చేవి. తమకిచ్చిన పెన్‌డ్రైవును పిల్లలు ఆడి పారేసినా, ఫోను బావిలో పడినా ఎవరూ నెత్తి కొట్టుకునేవారు కాదు. దేవదాస్ బీరువాలో ఉంటుంది కదా అనుకునేవారు. క్రైస్తవ మిషనువాళ్ల తోటలో నీళ్లు మోసిన మనిషి కొడుకు ఆయన. పొలం లేదు, పెద్ద చదువు లేదు. నలుగురిలో ఉన్న మర్యాదంతా ఆ బీరువాలోనే ఉంది. దాని తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు.

ఓంప్రకాశ్ వచ్చేదాకా అంతా బాగానే నడిచింది. హుస్నాబాద్ దిక్కు నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబం వాడు. అమ్మా నాన్నా మరమగ్గాల మీద ఒళ్లు హూనం చేసుకుని కొనిచ్చిన కెమెరాతో దిగాడు. మొదట్లో దేవదాస్ దగ్గరే రెండో కెమెరా పట్టాడు. ఆ వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. రెండో కెమెరావాడు పెళ్లి ముగియగానే తను తీసిందంతా బుక్ చేసిన స్టూడియోకు అప్పజెప్పి చేతులు దులుపుకోవాలి. ఒక్క ముక్క కూడా తన దగ్గర ఉంచుకోకూడదు. ఈ మాట దేవదాస్ ప్రతి పెళ్లిలోనూ చెప్పేవాడు, భోజనాల దగ్గర, నలుగురూ వినేలా.

కొన్నాళ్లకు ఓంప్రకాశ్ బస్టాండు ఎదురుగా సొంత స్టూడియో పెట్టాడు. అందులో బీరువా లేదు. తీసిందల్లా క్లౌడ్‌లో పెట్టేస్తానన్నాడు. పెళ్లివారి ఫోనుకు ఒక లింకు పంపేవాడు. దుబాయిలో ఉన్న మేనమామ అక్కడి నుంచే చూసి ఆల్బంలోకి ఫోటోలు ఏరేవాడు. ఎడిటింగు చేసే మనిషి కరీంనగర్‌లో కూర్చుని అదే వీడియోను కోసి కూర్చేవాడు. పెన్‌డ్రైవులు పట్టుకుని బస్సుల్లో తిరిగే పనే లేదు. దేవదాస్ ఇంకా పూలదండల ఫోటోలు సరిచేస్తుండగానే ఆ పిల్లవాడు ఆల్బం చేతిలో పెట్టి వచ్చేవాడు. బుకింగులు మెల్లగా అటు జరగడం మొదలైంది.

దేవదాస్ కూతురు గ్రేస్ ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లు ఆఫీసులో పనిచేస్తుంది. ఇంటికి వచ్చినప్పుడు తండ్రి సణుగుడు విని విని, చివరికి ఎదురుగా కూర్చుని చెప్పింది.

"క్లౌడంటే అద్దె గోదాము లెక్క బాపూ. మన సరుకు ఒక్క ఊళ్లనే ఉండదు, గదే సరుకు ఇంకో ఊళ్ల కూడ ఉంటది. ఒక దగ్గర అంటుకున్నా ఇంకో దగ్గర మిగులుతది. తాళం మన చేతులనే. మనం తలుపు తీస్తెనే ఇంకొకలు చూసేది."

మిల్లులో పిడుగు పడి కంప్యూటర్లు మాడిపోయిన సంగతి కూడా చెప్పింది. తెల్లారి వేరే కంప్యూటరు తెచ్చి పెడితే బిల్లులన్నీ ఎక్కడివక్కడే కనిపించాయట, పత్తి లారీ ఒక్కటి కూడా ఆగలేదట. పత్తి ఎక్కువ వచ్చే కాలంలో క్లౌడ్‌లో ఎక్కువ జాగా తీసుకుంటారు, సీజను అయిపోగానే తగ్గించుకుంటారు, పెద్ద మిషన్లు కొని వాటికి కాపలా కాసే బాధ లేదు అని వివరంగా చెప్పింది. అన్నీ విని దేవదాస్, నా బీరువా ఉండగా నాకు అద్దె గోదామెందుకని కొట్టిపారేశాడు. ఆయనకు అర్థం కాక కాదు. అర్థమైనందుకే ఒళ్లు మండింది. బీరువా అక్కరలేని లోకంలో జంట డిస్కుల దేవదాస్‌ను ఎవరు పిలిచి చాయ అడుగుతారు?

ఒళ్లు మండిన మనిషి ఊరికే ఉంటే బాగుండేది. ఒకనాడు చాయ హోటల్లో, ఎవరినో అడిగినట్టుగా ఒక మాట వదిలాడు.

"ఆడపిల్లల ఫోటోలు గా పిలగాడు ఎవలయో కంప్యూటర్ల పెడుతుండట. ఎవడెవడు చూస్తుండో ఎవనికెరుక?"

తాళం మన చేతిలోనే ఉంటుందని కూతురి నోట విని ఇంకా ఎన్నాళ్లూ కాలేదు. అయినా అన్నాడు. ఆ మాట హోటలు దాటి, సంత దాటి, చర్చి మెట్లు ఎక్కింది. తిరిగి తిరిగి బాగా బలిసింది. కూతురి పెళ్లికి ఓంప్రకాశ్‌ను మాట్లాడుకున్న ఒక కుటుంబం వద్దనుకుని దేవదాస్ దగ్గరికి వచ్చింది. ఆ వెనక ఇంకో కుటుంబం వచ్చింది. ఓంప్రకాశ్ కొట్లాటకు రాలేదు, ఎదురుపడితే ఎప్పటిలాగే అన్నా నమస్తే అనేవాడు. ఆ పెళ్లిళ్లు దేవదాసే తీశాడు, కడుపునిండా తిన్నాడు. సిగ్గుపడాల్సింది అప్పుడు. పడలేదు.

ఆ వానకాలం గోదారి పొంగింది. ఊరి వాగు వెనక్కి తన్ని బజారులోకి వచ్చింది. దేవదాస్ పరుగున స్టూడియోకు పోయి, ఖరీదైనవి కదా అని కెమెరాలూ లెన్సులూ లైట్లూ మేడ మీదికి చేరేశాడు. డిస్కులు ఇనుప బీరువాలో ఉన్నాయి, బీరువాకు ఏమవుతుందనుకున్నాడు. నీళ్లు బీరువా నడుము దాటాయి. తగ్గాక తాళం తీస్తే రిబ్బన్ల రంగు దిగి బురద ఎర్రగా ఉంది. డిస్కులు ఎత్తితే లోపల బురదనీళ్లు గలగలమన్నాయి. విడదీస్తే అచ్చిరాదనుకున్న జంటలన్నీ ఒక్కసారే మునిగాయి.

గోనెసంచిలో వేసుకుని కరీంనగర్ పోయాడు. పోయిన డేటా తీసిచ్చే షాపులో ఒక నడివయసు మనిషి ఒక్కోటీ విప్పి చూసి పక్కన పెట్టాడు. లాభం లేదన్నాడు. ఆ తర్వాత మామూలుగానే, రెండో కాపీ ఏ ఊరిలో పెట్టావని అడిగాడు. పక్కనే పెట్టానని చెప్పాడు దేవదాస్. ఆ మనిషి నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత నయంగా ఉండేది.

ఊరికి ఆ సంగతి చెప్పలేదు. బీరువాను కడిగి, తుడిచి, కొత్త రంగు వేయించి, ఖాళీ బీరువాకు మళ్లీ తాళం వేశాడు. తాళంచెవి మళ్లీ మొలతాడుకు ఎక్కింది. మాది భద్రమేనా అని ఎవరడిగినా భద్రమే అనేవాడు. అన్నప్పుడల్లా మొలతాడు కోసుకున్నట్టయ్యేది. రాత్రి భార్య పక్కకు తిరిగి పడుకున్నా, ఆమెకు తెలిసిపోయిందేమోనని అనుమానపడేవాడు.

అట్లాంటి రోజుల్లో శ్రీరాంపూర్ నుంచి బుచ్చవ్వ వచ్చింది. బొగ్గుబాయి, అంటే గని గేటు దగ్గర చాయ అమ్మి ఒక్కగానొక్క కొడుకు పౌలును పెంచిన మనిషి. పౌలుకు చిన్నప్పటి నుంచి నత్తి. నలుగురిలో నోరు తెరిచేవాడు కాదు. ఆ గనిలోనే కొలువు వచ్చింది, పెళ్లయింది. ఆ పెళ్లి తీసింది దేవదాసే. కిందటేడు పనికి పోయి వచ్చి, అన్నం ముందు కూర్చుని, గుండె ఆగి పోయాడు. ఏడాది తిరిగినందుకు జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెడుతున్నారు. బుచ్చవ్వ టిఫిను డబ్బాలో సర్వపిండి రొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"వాని మాట ఇనక ఏడాదైంది కొడుకా. పెండ్లినాడు మైకుల నా గురించి చెప్పిండు సూడు, గదొక్కటి అందరికి ఇనిపియ్యాలె. నా దగ్గరున్నది క్వార్టరు మారంగ పోయింది. నీ బీరువల ఉండనే ఉండె గదా."

లేదని చెప్పడానికే నోరు తెరిచాడు. నిజంగా అందుకే తెరిచాడు. కానీ ఆమె కళ్లు బీరువా మీద ఉన్నాయి, కొత్త రంగు మీద.

"ఉన్నదవ్వా. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

ఆమె పోయాక సర్వపిండి తుంచి నోట్లో పెట్టుకున్నాడు. తిండి పారేయడం పాపమని నీళ్లు తాగుతూ తిన్నాడు. ఒక మనిషి దగ్గర కొడుకు గొంతు పోగొట్టి, ఆ మనిషి చేతి వంట తింటున్నానని ముద్దముద్దకూ అనిపించింది.

పౌలు పెళ్లి గుర్తుచేసుకుంటూ కూర్చున్నాడు. పౌలు మైకు అందుకున్నప్పుడు తానెక్కడున్నాడు? బయట షామియానాలో చుట్టాలను వరసగా నిలబెట్టి ఫోటో తీస్తున్నాడు. లోపల కెమెరా పట్టుకుని ఉన్నది ఓంప్రకాశ్. వాడు తన దగ్గర ఒక కాపీ ఉంచుకుని ఉంటే? ఉంచుకోవద్దని మైకు పట్టినట్టు చెప్పింది తానే. ఇప్పుడు పోయి అడగడమంటే, నువ్వు నా మాట మీరి ఉంటే బాగుండునని అడగడమే. అదీ, ఎవరి మీదైతే బురద చల్లాడో వాడినే. ఇంకో దారి ఉంటే దేవదాస్ పోయేవాడు కాదు.

ఓంప్రకాశ్ స్టూడియో కూడా మునిగింది. కంప్యూటరు పోయింది. అత్తగారి ఇల్లు శ్రీరాంపూర్‌లోనే, వాళ్ల ముందు గదిలో ఎవరిదో పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. వరద తగ్గకముందే పని మొదలుపెట్టాడట. అందులో తన క్లౌడ్ ఖాతా తెరిస్తే తీసిన పెళ్లిళ్లన్నీ ఉన్నాయట. దేవదాస్ లోపలికి వస్తూనే లేచి కుర్చీ ఇచ్చి, తాను బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. దేవదాస్ వానల గురించి మాట్లాడాడు. రోడ్ల గురించి మాట్లాడాడు. మాటలన్నీ అయిపోయాక పౌలు పెళ్లి అన్నాడు.

ఓంప్రకాశ్ తల వంచుకుని చెప్పాడు.

"మీరు ఉంచుకోవద్దన్నరు అన్నా. నేను తీసింది మళ్ల చూసుకుని నేర్చుకుందామని ఒక కాపీ ఎక్కిచ్చి పెట్టుకున్న. నాదే తప్పు. ఎవ్వలికి సూపియ్యలే."

దేవదాస్‌కు భూమిలోకి పోవాలనిపించింది. తప్పు చేసినవాడు కుర్చీలో కూర్చున్నాడు, చేయనివాడు బస్తా మీద కూర్చుని మన్నించమంటున్నాడు. ఆ క్షణంలో చాయ హోటలు మాట చెప్పేస్తే సరిపోయేది. దాని బదులు, పర్వాలేదులే అన్నాడు. పర్వాలేదట! పెద్దరికం అంత లోతుగా పాతుకుని ఉంది మనిషిలో.

వేళ్ల మీద లెక్కపెట్టేంత సేపట్లో పౌలు తెర మీదికి వచ్చాడు. గొంతు వినబడింది. దేవదాస్ ప్రొజెక్టరు వరదలో పోయిందని తెలిసి, కూడికకు తన ప్రొజెక్టరు తెచ్చి తానే వేస్తానన్నాడు ఓంప్రకాశ్. అద్దె మాట ఎత్తితే నొచ్చుకున్నాడు. ఇది ఎవరి దగ్గర దొరికిందో బుచ్చవ్వకు చెప్పమని అడగలేదు. దేవదాస్ చెప్పనూ లేదు.

కూడిక సాయంత్రం బుచ్చవ్వ వాకిట్లో జరిగింది. గోడకు తెల్ల దుప్పటి కట్టారు. శ్రీరాంపూర్ వాళ్లూ చెన్నూరు సంఘం వాళ్లూ నిండుగా వచ్చారు. పాటలు, ప్రార్థన అయ్యాక దీపాలు ఆర్పి వీడియో వేశారు. పూలదండ వేసుకున్న పౌలు మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. మాట రాక పెదవులు ఆడాయి. ఆ పెళ్లిలో ఆ ఆలస్యానికి ఎవరో నవ్వడం వినబడింది, ఇక్కడ ఎవరూ నవ్వలేదు.

"మా... మా అవ్వ బాయి కాడ చాయ అమ్మి నన్ను పెంచింది. ఇన్నేండ్లు ఈ మాట చెప్పలే. సి... సిగ్గయ్యింది. ఇయ్యాల చెప్తున్న."

అంతే. మళ్లీ దీపాలు వేశారు. వాళ్ల ఆచారం ప్రకారం, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి బుచ్చవ్వ లేచి నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుని, ముందు దేవునికి స్తోత్రం చెప్పింది. తర్వాత దేవదాస్ వైపు చెయ్యి చూపింది.

"గోదారి ఊళ్లను ముంచింది గని నా కొడుకు మాటను ముంచలే. దేవదాస్ దాసిండు గనుక మిగిలింది. ఆడపిల్లలున్న తల్లులకు ఒక్క మాట చెప్త. గిసొంటోని దగ్గరనే ఫోటోలు తీపిచ్చుకోండ్రి. ఎవలెవలి కంప్యూటర్లల్లనో పెట్టి పిల్లల ఇజ్జత్ తీసే ఓంప్రకాశ్ అనేటోడు ఒకడున్నడట. గసొంటోళ్ల గడప తొక్కకుండ్రి."

ప్రొజెక్టరు పక్కన వైరు చుడుతున్న మనిషే ఆ ఓంప్రకాశ్ అని ఆమెకు తెలియదు, దేవదాస్ పనివాడనుకుంది. అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తల ఎత్తకుండా మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు. అలవాటైన దెబ్బను తీసుకునే తీరు అది. అది చూశాక దేవదాస్‌కు అర్థమైంది. ఆ మాట ఎవరి నోట పుట్టిందో ఈ పిల్లవాడికి మొదటి నుంచీ తెలుసు. తెలిసే కుర్చీ ఇచ్చాడు.

జనం దేవదాస్‌ను చూస్తున్నారు. తల వంచుకుని కూర్చుంటే అణకువ అనుకుంటున్నారు. పక్కనున్నాయన మెచ్చుకోలుగా భుజం తట్టాడు. ఆ తట్టుడు భరించలేక లేచాడు దేవదాస్. ధైర్యం వచ్చి కాదు.

"అవ్వా, నీ కొడుకు మాట దాసింది నేను కాదు. నా బీరువ మునిగింది. అండ్ల ఒక్కటి మిగలలే. దాసింది గీ వైరు చుడుతున్న ఓంప్రకాశ్. గాయన క్లౌడ్‌ల పెట్టిండు గనుక మిగిలింది. దాని తాళం గాయన దగ్గరనే ఉంటది, ఇంకెవ్వలు చూడరు. నాకు ముందుగాలనే ఎరుక. ఎరుకుండి గా చెడ్డమాట పుట్టిచ్చింది నేనే."

బుకింగు వాపసు తీసుకుని తన దగ్గరికి వచ్చిన ఆడపిల్ల తల్లి మూడో వరసలో ఉంది. ఆమె లేవకుండానే అడిగింది.

"గట్లైతె మా పిల్ల పెండ్లిది?"

"పోయిందమ్మా."

అడిగిన గొంతు అది ఒక్కటే. మిగతావాళ్లు అడగలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని తమ తమ పెళ్లిళ్లు లోలోపలే లెక్కచూసుకున్నారు. భుజం తట్టినాయన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు. ఏదో పెద్ద కేక వినబడుతుందని, ఎవరో లేచి మీదికి వస్తారని దేవదాస్ ఎదురుచూశాడు. రాలేదు. మొలతాడుకున్న తాళంచెవిని చొక్కా మీంచే గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

బుచ్చవ్వ దేవదాస్ వైపు చూడలేదు. మెల్లగా నడుచుకుంటూ ప్రొజెక్టరు దగ్గరికి పోయింది. ఓంప్రకాశ్ ముఖాన్ని దగ్గరి నుంచి చూసి, అతని చెయ్యి పట్టుకుంది.

"నేను నోరు జారిన, బిడ్డా. మన్నించు. వాని మాట ఇంకొక్కసారి ఏస్తవా?"

చుట్టిన వైరు మళ్లీ విప్పాడు ఓంప్రకాశ్. దీపాలు ఆర్పారు. చీకటి పడగానే దేవదాస్‌కు హాయిగా అనిపించింది, హాయిగా అనిపించినందుకు ఇంకా సిగ్గేసింది. తెర మీద పౌలు మైకు పట్టుకుని మొదటి మాట కోసం పెనుగులాడుతున్నాడు. బుచ్చవ్వకు ఎవరో కుర్చీ తెచ్చి ఓంప్రకాశ్ పక్కన వేశారు. దేవదాస్ నిలబడ్డచోటే నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.